ధ్వనిముద్రణలో విద్యుత్ రొద: మౌఖిక సాహిత్య పరిశోధకులు గమనించవలసిన అంశాలు

వ్యాససంగ్రహం:
పాటలను, కథాగానాలను క్యాసెట్ల నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు గాత్రం వెనుక ఎడతెగని గుయ్యిమనే రొద చేరుతూ ఉంటుంది. దానిని సాఫ్ట్‌వేర్‌తో తొలగిస్తే పాఠనిర్ణయానికి ఆధారమైన ధ్వనులు కూడా దెబ్బతినవచ్చు. రొద పుట్టే చోటును ముందుగా గుర్తించి, అక్కడే నివారించే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ధ్వనిముద్రణ, విద్యుత్ రొద, ఎర్తింగ్, సరళాలు, మౌఖిక సాహిత్యం.

1. ఉపోద్ఘాతం:
హైదరాబాదు తూర్పు భాగంలో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ వరకు విజయవాడ రహదారికి ఇరువైపులా కోచింగ్ కేంద్రాలు, హాస్టళ్లు, అపార్ట్‌మెంట్లు దట్టంగా ఉన్నాయి. ఇటువంటి చోట పరిశోధకులకు అద్దెగదే ధ్వనిముద్రణశాల. టేప్‌రికార్డర్ ఒక ప్లగ్గుకు, ల్యాప్‌టాప్ మరొక ప్లగ్గుకు, స్పీకర్ల యాంప్లిఫయర్ ఇంకొక ప్లగ్గుకు తగిలించి ఉంటాయి. ఇన్వర్టరు కూడా ఆ గదిలోనే ఉంటుంది. రొదకు అనువైన పరిస్థితి ఇదే.

2. రొద పుట్టుక:
మన ఇళ్లకు అందేది 230 వోల్టుల, 50 హెర్ట్జ్‌ల ఏకాంతర విద్యుత్తు. ఈ పౌనఃపున్యమూ, దాని అనుస్వరాలైన 100, 150 హెర్ట్జ్‌లూ రొదగా వినిపిస్తాయి. ఇందుకు ప్రధాన కారణాలు మూడు.

మొదటిది ఎర్త్ వలయం. మూడు పిన్నుల ప్లగ్గులున్న రెండు పరికరాలు గోడలోని ఎర్త్ తీగ ద్వారా ఒకసారి, ఆడియో తీగ పైతొడుగు ద్వారా మరొకసారి కలుస్తాయి. రెండు ఎర్త్ బిందువుల మధ్య స్వల్ప పొటెన్షియల్ భేదం ఉన్నా ఆ వలయంలో విద్యుత్తు ప్రవహించి ధ్వనిలో కలుస్తుంది. రెండవది ప్రేరణ. కరెంటు తీగ పక్కనే పొడవునా సాగిన ఆడియో తీగ ఆ రొదను గ్రహిస్తుంది. మూడవది పాత పరికరాల విద్యుత్ సరఫరా విభాగంలో కెపాసిటర్లు క్షీణించడం. దీనివల్ల సాధారణంగా 100 హెర్ట్జ్‌ల రొద వస్తుంది.

ఈ దారిలో 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట - ఎల్.బి.నగర్ మెట్రో ప్రారంభమైంది. మెట్రో 25 కిలోవోల్టుల ఏకాంతర విద్యుత్తుతో నడుస్తుంది కాబట్టి రొదకు అదే కారణమన్న అనుమానం సహజం. అయితే రైలు వచ్చిపోయే కొద్దీ ఆ విద్యుత్ ప్రవాహం మారుతుంది. రొద మార్పు లేకుండా నిలకడగా ఉండి, ల్యాప్‌టాప్ ఛార్జర్ తీయగానే ఆగిపోతే కారణం ఇంట్లోనే ఉన్నట్లు భావించాలి.

3. పాఠనిర్ణయంపై ప్రభావం:
పరుషాలకూ సరళాలకూ గల ప్రధాన భేదం నాదం. ‘గ’, ‘డ’, ‘బ’ వంటి వర్ణాల ఉచ్చారణలో నోటి మార్గం మూసుకొని ఉన్నప్పుడు కూడా స్వరతంత్రులు కంపిస్తాయి. ఆ కంపనం ధ్వనిచిత్రంలో అడుగుభాగాన సన్నని పట్టీగా కనిపిస్తుంది. పురుష గాత్రపు మూల పౌనఃపున్యం సాధారణంగా సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది. 100, 150 హెర్ట్జ్‌ల రొద సరిగ్గా ఈ పరిధిలోకే వస్తుంది. రొదతో పాటు ఆ పట్టీని కూడా చెరిపివేస్తే, గాయకుడు పలికినది సరళమా, పరుషమా అని తేల్చడానికి ఉన్న ఒక ముఖ్యాధారం పోతుంది.

బుర్రకథలోని తంబుర శ్రుతికి కూడా ఇదే ప్రమాదం ఉంది. నిలకడగా సాగే ధ్వనిని రొదగా లెక్కించే సాఫ్ట్‌వేర్ శ్రుతిని కూడా పలుచన చేయగలదు.

4. పరిశీలన క్రమం:
ఒక్కొక్క మార్పు చేసి, ప్రతిసారీ విని, ఫలితాన్ని రాసుకోవాలి.

అ) ల్యాప్‌టాప్ నుంచి ఆడియో తీగను తీయాలి. రొద ఆగితే అది తీగ ద్వారా వస్తున్నది. ఆగకపోతే ల్యాప్‌టాప్‌లోనో, దాని తరువాతి పరికరాలలోనో ఉన్నది.
ఆ) ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడపాలి. రొద ఆగితే ఎర్త్ వలయమో, ఛార్జర్ లోపమో కారణం.
ఇ) భారం అనుమతించిన మేరకు పరికరాలన్నింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించాలి.
ఈ) ఫ్యాన్ రెగ్యులేటరు, ఎల్.ఇ.డి. దీపాలు, ఇన్వర్టరు ఒక్కొక్కటిగా ఆపి చూడాలి. వీటివల్ల వచ్చేది గుయ్యిమనే రొద కాదు, గరగరమనే శబ్దం.
ఉ) ఆడియో తీగను కరెంటు తీగకు దూరంగా జరపాలి. తప్పనిసరైతే రెండింటినీ అడ్డంగా దాటించాలి.
ఊ) అదే టేప్‌రికార్డర్‌లో ఖాళీ క్యాసెట్ వేసి వినాలి. పాత క్యాసెట్‌లో మాత్రమే రొద ఉంటే అది నాటి ముద్రణలోనే చేరినది.

చివరి సందర్భంలో రొద కూడా ఆధారమే అవుతుంది. నాటి టేప్‌రికార్డర్ ఇంటి కరెంటుతో నడిచిందని తెలిస్తే, 50కి బదులు 52 హెర్ట్జ్‌ల వద్ద వినిపించే రొద, టేపు సుమారు 4 శాతం వేగంగా తిరుగుతున్నదని సూచిస్తుంది. శ్రుతిని, వర్ణాల వ్యవధిని కొలిచేవారికి ఇది విలువైన సమాచారం.

5. నివారణ:
ఎర్త్ వలయాన్ని ఛేదించడానికి ఆడియో మార్గంలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ అమర్చవచ్చు. పరికరాలు అనుకూలిస్తే బ్యాలెన్స్‌డ్ తీగలను వాడవచ్చు. రొద ఆగుతుందని ప్లగ్గులోని ఎర్త్ పిన్నును విరవడం, రెండు పిన్నుల అడాప్టర్ తగిలించడం మాత్రం ఎంతమాత్రం తగదు. లోపమేర్పడినప్పుడు మనిషికి ప్రాణరక్షణ కల్పించే మార్గం ఆ పిన్నే. గోడ సాకెట్టులో ఎర్త్ లేదన్న అనుమానముంటే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించాలి.

6. ముగింపు:
వడపోత కంటే ముందు కారణాన్వేషణ జరగాలి. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐ.ఎ.ఎస్.ఎ. తన టి.సి.-04 మార్గదర్శకాలలో కనీసం 48 కిలోహెర్ట్జ్‌లు, 24 బిట్ల ముద్రణను సూచించింది. ఆ ప్రమాణంలో, ఏ వడపోతా చేయని మూలప్రతిని విడిగా భద్రపరచాలి. శుద్ధి చేసిన ప్రతి వినడానికి పనికివస్తుంది. పాఠనిర్ణయానికి ప్రమాణం మాత్రం మూలప్రతియే. తాళపత్ర ప్రతిని పరిష్కరించే పండితుడు మూలాన్ని దిద్దక పాఠాంతరాలను వేరుగా చూపినట్లే, ధ్వనిప్రతి విషయంలోనూ పరిశోధకుడు ఆ నియమాన్నే పాటించవలసి ఉంటుంది.