మళ్లీ తూటాగా మారే ఇత్తడి

తూటా పేలాక మందు మండిపోతుంది, సీసపు గుండు దూసుకుపోతుంది. మిగిలేది ఖాళీ తొడుగు. అమెరికాలో 1860 నాటి హెన్రీ లీవర్ రైఫిల్ విషయంలో అది వృథాయే. మందును అంటించే రసాయనం తొడుగు అంచులోనే ఉండేది. పేల్చగానే ఆ అంచు నలిగిపోయేది.

1873లో వచ్చిన వించెస్టర్ రైఫిల్ ఈ పరిస్థితిని మార్చింది. దాని .44-40 తూటాలో ఆ రసాయనాన్ని అడుగున, నడిమధ్యలో, ప్రైమర్ అనే చిన్న మూతలో ఉంచారు. పేలిన ప్రైమర్‌ను తీసి కొత్తది బిగిస్తే తొడుగు తిరిగి పనికొస్తుంది. దుకాణాలకు ఆమడదూరంలో బతికేవారికి ఇది చిన్న సౌలభ్యమేమీ కాదు.

తొడుగుకు వాడే ఇత్తడిలో సుమారు 70 శాతం రాగి, 30 శాతం జింక్ ఉంటాయి. పేలుడు ఒత్తిడికి అది ఉబ్బి, వాయువు వెనక్కి రాకుండా అడ్డుకుంటుంది. ఆపై కొద్దిగా ముడుచుకుని సులువుగా బయటపడుతుంది. ఉబ్బిన తొడుగును అచ్చులో నొక్కి పాత కొలతకు తెస్తారు. ఇలా సాగి, ముడిగి ఇత్తడి పెళుసెక్కుతుంది. .44-40 తొడుగు మెడ మరీ పలుచన గనుక తరచూ అక్కడే చీలుతుంది. కాబట్టి మెడను మాత్రమే కాల్చి మెత్తబరుస్తారు. అడుగు కూడా మెత్తబడితే ఒత్తిడికి తాళలేదు, ప్రమాదం పేల్చేవారికే.

ఆనాటి రైఫిళ్లు నల్లమందు ఒత్తిడికే రూపొందాయి. నేటి పొగరాని మందు మోతాదు మించితే తుపాకీయే బద్దలవుతుంది. భారత్‌లో లైసెన్సు లేకుండా తూటాల తయారీని 1959 నాటి ఆయుధాల చట్టం నిషేధిస్తోంది.