గొంతునొప్పియు చేతివ్రాతయు

మన యిండ్లలో పిల్లలకు జ్వరము తగిలినప్పుడు రాత్రులు మేల్కొని కనిపెట్టుకొని యుందుము. జ్వరము విడిచి, పథ్యము పెట్టి, బడికి పంపిన పిమ్మట ఆ సంగతియే మరచిపోవుదుము. అట్లు మరచిన జ్వరము రెండు మూడు మాసములు గడచిన పిదప పిల్ల నడవడిలో, చేతివ్రాతలో, నవ్వులో, ఏడ్పులో మరల తలయెత్తవచ్చుననిన సోదరీమణులలో పెక్కురు నమ్మకపోవచ్చును. మేమును నిరుటివరకు నమ్మి యుండము. మమ్ము నమ్మించినది మా పొరుగింటి చిన్నది.

ఆ పిల్లకు 9 ఏండ్లు. మావారు చెప్పు నాల్గవ తరగతిలో చదువుచుండెను. ముత్యములు కూర్చినట్లు వ్రాయునని ఆమె కాపీపుస్తకమును మావారు తక్కిన పిల్లలకు చూపుచుండెడివారు. మార్గశిరమాసమున ఆ యక్షరములు గీత దాటసాగినవి. కొమ్ము ఒకచోట, దీర్ఘ మొకచోట పడుచుండెను. పాఠము జరుగుచుండగా కనుబొమ లెగురవైచును, మూతి విరుచును, భుజము కుదుపును. పిల్లలు నవ్విరి. తమ్ము వెక్కిరించుచున్నదని తలచి మావారు ఆమెను రెండు దినములు వరండాలో నిలువబెట్టిరి. ఈ మాట వ్రాయుటకు వారి యనుమతి నడిగితిమి. దాచకుండ వ్రాయుమనిరి.

ఇంటియొద్ద మంచినీళ్ల చెంబు చేతినుండి జారిపడుచుండెను. కలిపిన ముద్ద నోటికి చేరకముందే చెదరిపోవును. ఉన్నట్లుండి ఏడ్చును, ఆ కన్నీరు తడియారకముందే నవ్వును. ఒంటరిగా పడుకొనుటకు భయము; తలుపు గడియ పడినదా లేదా యని పదిమారులు లేచి చూచుకొనును. పరధ్యానమని తల్లి, తల్లి చేసిన గారాబమని మామ్మగారు, ఎక్కడనో భయపడినదని ఇరుగుపొరుగువారు అనుకొనిరి. ఉప్పు మిరపకాయలు దిగదుడిచిరి, తాయెత్తు కట్టిరి. ఒకనాటి రాత్రి ఆ తల్లి మాతో, “అక్కయ్యగారూ, నిద్రలో నొక్క వ్రేలైనను కదలదండీ. మేలుకొన్నప్పుడే ఈ వేషములన్నియు. కావలెననియే చేయుచున్నది కాదా?” అనెను. మాకును ఆ తర్కము సరియే యని తోచినది.

జిల్లా ఆసుపత్రిలోని పిల్లల వైద్యురాలు ఆ మాట వినగానే, “నిద్రలో ఆగిపోవుటయే ఈ జబ్బు లక్షణమమ్మా” అనిరట. ఆమె పిల్లను నాలుక చాపి యుంచుమనెను. రెండు నిమేషములైనను నిలువలేదు, పాము నాలుకవలె లోపలికి బయటికి పోవుచుండెను. తన రెండు వ్రేళ్లను గట్టిగా పట్టుకొనుమనెను. ఆ పిడికిలి ఆవుపాలు పితుకు చేయివలె బిగియుచు వదలుచు నుండెను. అంతట ఆమె, “ఈ రెండు మూడు మాసములలో గొంతునొప్పి వచ్చినదా?” అని యడిగెను. తల్లికి మొదట జ్ఞప్తికి రాలేదు. తరువాత దసరా సెలవులలో మూడు దినములు జ్వరము కాచినదనియు, మ్రింగుట కష్టమైనదనియు, మందులషాపునుండి తెచ్చిన మాత్రలు రెండు దినములు వేసి, జ్వరము తగ్గగానే మాన్పితి ననియు చెప్పెను.

ఈ వ్యాధిని 1686లో ఆంగ్లదేశపు వైద్యుడు థామస్ సిడెన్‌హామ్ వర్ణించెను. అందుచే దీనికి సిడెన్‌హామ్ కొరియా యని పేరు. ఈ కొరియా దేశము పేరు కాదు. గ్రీకుభాషలో నాట్యమని యర్థము. ఇది సాధారణముగా 5 మొదలు 15 ఏండ్లలోపు పిల్లలకు వచ్చును; బాలురకంటె బాలికలకు హెచ్చు. 1894లో విలియం ఆస్లర్ అను మహావైద్యుడు దీనినిగూర్చి యొక గ్రంథమే వ్రాసి, అంగముల కదలికలే కాక పిల్లల మనస్సులో కలుగు మార్పులనుగూడ గుర్తించెను. పలువురు పిల్లలలో మనస్సే మొదట చెడును. కోపము, కంటతడి, భయము, చేసినదే చేయుట మున్నుగా కనబడి, ఆ తరువాత చేతులు కాళ్లు స్వాధీనము తప్పును. కనుకనే తల్లిదండ్రులు దారి తప్పుదురు.

మూలము గొంతులోని స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మక్రిమి. 1874లో బిల్‌రాత్ అను వియన్నా నగరపు శస్త్రవైద్యుడు పెట్టిన పేరిది. గింజలు గొలుసుగా గ్రుచ్చినట్లుండుటచే నట్లు పిలిచెను. ఈ క్రిమి మెదడులోనికి పోదు. మరి చేయి ఏల వణకును? భాగవతమున పౌండ్రకుని కథ మనమందర మెరిగినదే. వాడు కృత్రిమమైన శంఖచక్రములు ధరించి తానే వాసుదేవుడనని చెప్పుకొనెను. ఈ క్రిమియు నట్టిదే. దాని పైపొరలోని కొన్ని పదార్థములు మన శరీరములోని పదార్థములను పోలియుండును. దానిని చంపుటకు మన నెత్తురు ప్రతిరక్షకములను పుట్టించును. ఆ సైన్యము ఆనవాలు తప్పి, మెదడు లోతున కదలికలను అదుపుచేయు భాగములపైకి పోవును. గుండెకవాటములపైకిని, కీళ్లపైకిని పోవును. పౌండ్రకుని కొట్టబోయి వాసుదేవునే కొట్టినట్లగును. ఆ పొరపాటు జరుగుటకు వారములు, ఒక్కొక్కప్పుడు మాసములు పట్టును. అప్పటికి జ్వరము లేదు, గొంతు నొప్పి లేదు. రక్తపరీక్షలోగూడ క్రిమి జాడ చిక్కకపోవచ్చును. తల్లి జ్ఞాపకమే వైద్యునికి ముఖ్యమైన యాధారము.

మా తండ్రిగారియొద్ద కొంత చదివినవారము గనుక సుశ్రుతసంహితలోని ఉత్తరతంత్రము మాకు జ్ఞప్తికి వచ్చినది. అందు స్కందగ్రహము, శకుని, రేవతి, పూతన మున్నగు 9 బాలగ్రహములు చెప్పబడినవి. అది మూఢత్వమని నవ్వుట మా కిష్టము లేదు. బిడ్డ యేడ్పు మారుట, చూపు మారుట, అవయవములు కదలుట మన పూర్వులు ఎంత శ్రద్ధతో కనిపెట్టిరో ఆ యధ్యాయములే సాక్ష్యము. ఇది బిడ్డ చేసిన తప్పు కాదు, బయటినుండి పట్టినదేదో కలదని వారు గ్రహించిరి. వరండాలో నిలువబెట్టిన మా యింటివారికంటె ఆ మాత్రము వారే నయము. అయినను తాయెత్తుతో మూడు వారములు గడపుట గుండెకు చేటు.

ఈ మాట ఏల యనుచున్నామనగా, కొరియా కీళ్లవాత జ్వరములో నొక భాగము. 1944లో డకెట్ జోన్స్ అను అమెరికా వైద్యుడు ఆ జ్వరమునకు నిర్ణయించిన ముఖ్యలక్షణములలో నిదియు నొకటి. కొరియా వచ్చిన పిల్లలలో సగమునకు మించి గుండెకును దెబ్బ తగిలియుండును. చేతుల వణకు కొన్ని మాసములకు తనంతట తగ్గిపోవచ్చును. కవాటమునకు తగిలిన దెబ్బ యట్లు పోదు. మా పొరుగింటి పిల్ల గుండెను యంత్రముతో పరీక్షించినప్పుడు ఎడమవైపు కవాటము కొద్దిగా కారుచున్నదని తెలిసినది.

ఇక మరియొక సంగతి. 1998లో అమెరికాలో సుసాన్ స్వీడో అను వైద్యురాలును ఆమె సహచరులును 50 మంది పిల్లల చరిత్రలు ప్రకటించిరి. ఆ పిల్లలకు కొరియా లేదు. కాని స్ట్రెప్టోకాకస్ సోకిన వెనుక హఠాత్తుగా మాటిమాటికి చేతులు కడుగుట, కన్నులార్పుట, తల్లిని విడువకుండుట వంటివి పట్టుకొనెను. దీనికి పాండాస్ అని పేరిడిరి. 2012లో ఇతర కారణములచే వచ్చువానినిగూడ చేర్చి పాన్స్ అనిరి. అన్నము మ్రింగుటకు భయపడి తిండి మానుటయు నందు చేరినది. మా పిల్ల ఫలానా దినమున మారినదని తల్లి చెప్పగలుగునంత ఆకస్మికముగా వచ్చుట దీని గుర్తు. అయితే ఈ వ్యాధి యెంతవరకు ప్రత్యేకమైనది, ఏ చికిత్స సరియైనదని వైద్యులలో నేటికిని వాదము తీరలేదు. కన్నులార్పు ప్రతి బిడ్డకును ఇదే యని తలచి అంగడినుండి మందు తెచ్చి పోయరాదు. పిల్లలు మారాము చేయుదురు. దానికి క్రిమి యక్కరలేదు. ఏండ్ల తరబడి మెల్లగా పెరిగిన చాదస్తము వేరు, సోమవారమునాడు లేక మంగళవారమునాడు పుట్టిన చాదస్తము వేరు.

జ్వరము కాచుచుండగానే బిడ్డ అసంబద్ధముగా మాటలాడినను, మూర్ఛ వచ్చినను, పిలిచిన పలుకక మగతగా నున్నను తెల్లవారువరకు ఆగరాదు. అది మెదడువాపు కావచ్చును. తట్టు సోకిన బిడ్డలలో బహు కొద్దిమందికి ఏండ్లు గడచిన పిమ్మట చదువు మందగించి, ఒళ్లు ఉలికిపడు ఘోరవ్యాధి రావచ్చును. దానిని కుదుర్చు మందు లేదు. 9 మాసములు నిండినప్పుడొకటి, ఏడాదిన్నర ప్రాంతమున నొకటి వేయు టీకాయే దానికి అడ్డము.

మరల గొంతునొద్దకే వత్తము. పిల్లల గొంతునొప్పులలో పెక్కు వైరస్ వలన వచ్చునవి. దగ్గు, ముక్కు కారుట, గొంతు బొంగురుపోవుట యుండినచో సామాన్యముగా నట్టిదే. ఉప్పునీరు పుక్కిలించుట, వెచ్చని చారు చాలును. దగ్గు లేక, హఠాత్తుగా జ్వరము కాచి, మ్రింగలేక, దవడ క్రింద బిళ్లలు కట్టి నొప్పిపెట్టినచో వైద్యునికి చూపవలెను. స్ట్రెప్టోకాకస్ అని తేలిన యెడల పెన్సిలిన్ జాతి మందు 10 దినములు వాడుమందురు. మూడవనాటికే పిల్ల ఆడుకొనును. అప్పుడు సీసా అటకమీదికి పోవును. మనలో నీ తప్పు చేయనివారెవరు? జబ్బు మొదలైన 9 దినములలోపల మొదలిడి పూర్తిగా వాడినచో కీళ్లవాత జ్వరము రాకుండ కాపాడవచ్చునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది.

మా పొరుగింటి పిల్లకు మందులిచ్చిరి, విశ్రాంతి చెప్పిరి. చెంబునకు మారుగా చెవియున్న గ్లాసులో సగమే నీరు పోసి యిచ్చుట, ముద్దలు తామే పెట్టుట, ఇతరులయెదుట ఆమె కదలికలనుగూర్చి మాటలాడకుండుట తల్లి నేర్చుకొనెను. మావారు నోటిలెక్కలే అడిగిరి, వ్రాయించలేదు. వేసవికి అక్షరములు మరల గీత మీదికి వచ్చినవి.

కాని సూది మిగిలినది. గొంతులో ఆ క్రిమి మరల చేరకుండ 21 దినముల కొకమారు బెంజథీన్ పెన్సిలిన్ సూది వేయవలెను. గుండెకు దెబ్బ తగిలినవారికి యుక్తవయస్సు దాటువరకు, ఏండ్ల తరబడి. అది బాగుగా నొప్పిపెట్టు సూది. ఒక్కమారు తప్పిన నేమి, పిల్ల బాగుగనే యున్నదిగదా యనిపించును. అంతకంటె పెద్ద యడ్డంకి మామ్మగారు. రేపు సంబంధములు వచ్చినప్పుడు గుండెజబ్బు పిల్ల యందురు, ఎవరికిని తెలియరాదు, ఆసుపత్రి చీటీలు చించివేయుడని ఆమె పట్టుదల. ఆమె భయము అబద్ధమని మేమనజాలము. పెండ్లిచూపులలో ఏమేమి యడుగుదురో ఎరుగనివారము కాము.

అయినను ఆమెతో మేము గట్టిగనే వాదించితిమి. ఇరుకైన కవాటము చాలమందికి తొలిచూలునాడే బయటపడును. గర్భవతికి నెత్తురు సగముపాళ్లవరకు పెరుగును. అంత నెత్తురు ఆ సందునుండి పోలేక ఊపిరాడదు. చిన్ననాడు కొరియా వచ్చిన స్త్రీకి గర్భమందు ఆ వణకు తిరుగబెట్టుటయు కలదు. గర్భనిరోధక మాత్రలవలనను తిరుగబెట్టవచ్చును. అప్పుడు అత్తవారింట ఎవరికిని ఆ చిన్ననాటి సంగతి తెలియనిచో, వైద్యుడడిగిన ప్రశ్నకు బదులు చెప్పువారెవరు? చీటీలు చించినచో మనుమరాలి ప్రాణముమీదికి వచ్చునని చెప్పితిమి. మామ్మగారు రెండు దినములు మాతో మాటలాడలేదు.

చీటీలు ఇప్పుడు వారి దేవుని పెట్టెలో భద్రముగా నున్నవి. ఈ మాసపు సూది ఏకాదశినాడు వచ్చినది. తల్లికి ఒంట్లో సరిగా లేకపోగా, ఉపవాసముననే యుండి మామ్మగారే పిల్లను వెంటబెట్టుకొని ఆసుపత్రికి పోయి వచ్చిరి.