ఏడో తరగతిలోనే చెయ్యి పట్టుకోవాలి

మా వీధి చివర నాలుగంతస్తుల ఇల్లు లేస్తున్నది. దానికి కావలివున్న కుటుంబం అనంతపురం వైపునుంచి బెంగుళూరు వచ్చింది. తండ్రిది బేల్దారి పని, తల్లి ఇటుకలు అందిస్తుంది. పెద్దపిల్ల అయిదో తరగతినుంచి ఇక్కడి ప్రభుత్వ పాఠశాలలోనే చదువుతూ ఇప్పుడు ఏడుకు వచ్చింది. కన్నడం మనకంటె చక్కగా మాట్లాడుతుంది. లెక్కలలో మంచి చురుకు.

మొన్న ఆ తల్లి నాతో, "ఈ యేటితో ఈడ బడి అయిపోతాదమ్మా. పెద్దబడి దూరం. ఊర్లో అవ్వ కాడ వదిలేస్తాం. పది పాసైనంక మళ్ళా పిలిపిస్తాం, కాలేజీ సంగతి అప్పుడు చూస్తాంలే" అన్నది.

తల్లి మాటలో తప్పేమీ లేదు. అయితే అప్పటికి కొన్ని తలుపులు మూసుకుపోతాయి. చదువుకున్న మనలోనే చాలామందికి ఈ సంగతి తెలియదు గదా!

ఇంజనీరింగు, వ్యవసాయం, ఫార్మసీ వంటి చదువులకు కర్ణాటక ప్రభుత్వపు సీట్లు సి.ఇ.టి. ద్వారా ఇస్తారు. అందుకు సాధారణంగా వర్తించే నిబంధన ఒకటున్నది. ఒకటో తరగతినుంచి రెండో పి.యు.సి. వరకు గల పన్నెండేళ్ళలో కనీసం 7 యేళ్ళు ఈ రాష్ట్రంలో చదివి వుండాలి. ఆ పిల్ల లెక్క చూడండి. ఇక్కడ మూడేళ్ళు, ఊళ్ళో మూడేళ్ళు, తిరిగి వచ్చి పి.యు.సి. రెండేళ్ళు. ఇక్కడివి మొత్తం అయిదే! ఇక్కడే వుంటే ఎనిమిది. ఊళ్ళోనే ఇంటరు దాకా నిలకడగా చదివితే అదొక దారి. అటు కొన్నాళ్ళు, ఇటు కొన్నాళ్ళు అయితేనే చిక్కు.

రెండవది డబ్బు సంగతి. నిర్బంధ విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. అది 6నుంచి 14 యేళ్ళ పిల్లలకే. అంటే దాదాపు ఎనిమిదో తరగతితో సరి. ఆ తరువాత పేదపిల్లలు బడి మానకుండా కేంద్ర ప్రభుత్వం 2008లో ఒక ఉపకార వేతనం పెట్టింది. దాన్ని ఎన్.ఎం.ఎం.ఎస్. అంటారు. నెగ్గిన విద్యార్థికి తొమ్మిదినుంచి పన్నెండవ తరగతి దాకా యేటా 12,000 రూపాయలు, నాలుగేళ్ళకు 48,000. యేటేటా చదువు నిలబెట్టుకోవాలి సుమా. కుటుంబపు వార్షికాదాయం మూడున్నర లక్షలు మించకూడదు. ఏడో తరగతిలో నూటికి 55 మార్కులు రావాలి. షెడ్యూల్డు కులాలు, తెగలవారికి 50 చాలు. ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల పిల్లలకే అర్హత. అప్పుచేసి చిన్న ప్రైవేటు బడిలో వేసిన తండ్రి తెలియకుండానే ఈ అవకాశం పోగొట్టుకుంటాడు.

పరీక్ష ఎనిమిదో తరగతిలోనే వ్రాయాలి. ఒక ప్రశ్నపత్రం తెలివికి, మరొకటి పాఠాలకు. ఒక్కొక్కదానిలో 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. నిమిషానికొక ప్రశ్న అన్నమాట! మొదటి పత్రంలోని అంకెల వరుసలు, బొమ్మల పోలికలు బడిపుస్తకాలలో అంతగా కనబడవు. ఇంట్లో నేర్పేవారు లేని పిల్ల అక్కడే తడబడుతుంది.

మురికివాడల పిల్లలను శిశుతరగతినుంచి ఉద్యోగం దాకా చెయ్యి విడవకుండా నడిపించాలని శుక్లా బోస్ గారు 2003లో ఈ నగరంలోనే పరిక్రమ సంస్థను స్థాపించారు. అంతటి పని మనందరికీ సాధ్యంకాదు. కాని ఆదివారం రెండు గంటలు సాధ్యమే. ఇంటికి దగ్గరలోని ఒక్క పిల్లను కూర్చోబెట్టి, గడియారం ముందుంచి, ఇరవై ప్రశ్నలు చేయించవచ్చును. నాడకచేరిలో ఆదాయపత్రం తీసుకోవడానికి తండ్రికి తోడు వెళ్ళవచ్చును. దరఖాస్తు గడువు ఎప్పుడో ప్రధానోపాధ్యాయులను అడిగి వుంచవచ్చును. ఇవి డబ్బుతో జరిగే పనులు కావు, ఓపికతో జరిగేవి.

ఆ తల్లికి నేను లెక్కంతా వేళ్ళమీద చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "పెద్దబడికి బస్సు పాసు యాడిస్తారమ్మా?" అని అడిగింది.

సమయానికి అడిగిన ప్రశ్న అది. జవాబు చెప్పడానికి మనం దగ్గర వుండాలి, అంతే.