ఓఆర్ఎంలో డేటాబేస్ ప్రత్యేకతలు: అపోహలు – వాస్తవాలు

ఆబ్జెక్ట్-రిలేషనల్ మ్యాపింగ్, అంటే ఓఆర్ఎం, ప్రోగ్రాములోని ఆబ్జెక్టులకూ డేటాబేస్ పట్టికల్లోని వరుసలకూ మధ్య రాకపోకలు నడిపే లైబ్రరీ. జావాలో 2001లో మొదలైన హైబర్నేట్, పైథాన్‌లో 2006లో వెలువడిన ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ, 2005లో వచ్చిన జాంగో ఫ్రేమ్‌వర్క్‌లో అంతర్భాగమైన ఓఆర్ఎం ఈ కోవలో ఎక్కువ వాడుకలో ఉన్నవి. ఒక్కో డేటాబేస్‌కు తగినట్టు ఎస్‌క్యూఎల్ వాక్యాలను తయారుచేసే భాగాన్ని హైబర్నేట్, ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ ‘డయలెక్ట్’ అంటాయి, జాంగో ‘బ్యాకెండ్’ అంటుంది. ఈ భాగాన్ని కొత్తగా రాసేవారిలోనూ, ఉన్నదానికి ఒక డేటాబేస్‌కే చెందిన సౌకర్యాన్ని చేర్చబోయేవారిలోనూ కొన్ని అపోహలు పాతుకుపోయి ఉన్నాయి.

అపోహ: ఓఆర్ఎం ఉంటే కింద ఏ డేటాబేస్ ఉన్నా ఒకటే కాబట్టి ప్రత్యేక మద్దతు అక్కర్లేదు.

వాస్తవం: ప్రోగ్రామరుకు తేడా కనిపించకపోవడానికి కారణం ఆ ప్రత్యేక మద్దతును ఎవరో ముందే రాసిపెట్టడం. ఒక క్వెరీ ఫలితంలో మొదటి 10 వరుసలే కావాలన్న సాదా కోరికను పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూలైట్‌లలో ‘లిమిట్’ తీరుస్తుంది, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ‘టాప్’ తీరుస్తుంది, ఒరాకిల్ పాత వెర్షన్లలోనైతే అసలు క్వెరీని మరో క్వెరీలో పొదిగి ‘రోనమ్’ అనే వరుససంఖ్యతో వడపోయాల్సి వచ్చేది. ఒక జాబితాలోని విలువలతో పోల్చే ‘ఇన్’ షరతులో వెయ్యికి మించిన అంశాలను ఒరాకిల్ చిరకాలం అంగీకరించలేదు. జాంగో బ్యాకెండ్ ఆ జాబితాను ముక్కలు చేసి ‘ఆర్’తో కలిపి పంపుతుంది, వాడేవారికి ఆ సంగతే తెలియదు.

అపోహ: ఎస్‌క్యూఎల్ ప్రామాణిక భాష కనుక కొత్త డేటాబేస్‌కు మద్దతు చేర్చడమంటే వాక్యనిర్మాణంలో చిన్నచిన్న మార్పులు చేయడమే.

వాస్తవం: ఎస్‌క్యూఎల్‌కు 1986 నుంచి ప్రమాణం ఉన్న మాట నిజమే, వాక్యనిర్మాణంలోని తేడాలు సులువుగా తేలిపోయే మాటా నిజమే, ఎందుకంటే తప్పు వాక్యం పంపితే డేటాబేస్ వెంటనే ఎర్రర్ ఇస్తుంది. అసలు చిక్కు ఒకే వాక్యాన్ని రెండు డేటాబేస్‌లూ అంగీకరించి వేర్వేరు ఫలితాలు ఇచ్చినప్పుడు వస్తుంది. ఖాళీ స్ట్రింగునూ, విలువ లేదని తెలిపే ‘నల్’నూ ఒరాకిల్ ఒకటిగానే చూస్తుంది, తక్కినవి వేరుగా చూస్తాయి. జాంగోలో అక్షరాల ఫీల్డులకు నల్ బదులు ఖాళీ స్ట్రింగు వాడడం ఆనవాయితీ కాబట్టి, దాని ఒరాకిల్ బ్యాకెండ్ అటువంటి ఫీల్డులకు నల్ కూడదని ప్రోగ్రామరు చెప్పినా పట్టించుకోకుండా నల్‌ను అనుమతించే కాలమ్‌నే సృష్టించి, చదివేటప్పుడు నల్ కనిపిస్తే దాన్ని ఖాళీ స్ట్రింగుగా మార్చి ఇస్తుంది. పోలికను వెతికే ‘లైక్’ పోస్ట్‌గ్రెస్‌లో ఇంగ్లీషు పెద్ద, చిన్న అక్షరాలను వేరుచేస్తుంది. ఎస్‌క్యూలైట్ మామూలుగా వేరుచేయదు. మైఎస్‌క్యూఎల్‌లో అది కాలమ్‌కు పెట్టిన కొలేషన్‌ను, అంటే అక్షరాల పోలిక నియమాలను బట్టి ఉంటుంది.

తెలుగు సమాచారం నిల్వచేసేవారికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ కాలమ్ పొడవు. ‘స్త్రీ’ అన్నది చూపుకు ఒకే అక్షరం. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం అనే 6 సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్ల చొప్పున మొత్తం 18 బైట్లు. పొడవు 10 అని ప్రకటించిన వర్‌చార్ కాలమ్‌లో పోస్ట్‌గ్రెస్ ఈ మాటను ఇబ్బంది లేకుండా దాచుకుంటుంది, ఎందుకంటే అది సంకేతాలను లెక్కపెడుతుంది. ఒరాకిల్‌లో వర్‌చార్2కు ప్రమాణం చెప్పకపోతే మామూలుగా బైట్లే కొలమానం కాబట్టి అదే మాట పట్టదు. ఎస్‌క్యూలైట్ ఆ 10ని లెక్కలోకే తీసుకోదు, వెయ్యి సంకేతాలు పంపినా దాచుకుంటుంది. ఇక్కడ డయలెక్ట్ రాసేవారు ఏదో ఒక నిర్ణయానికి రాక తప్పదు: ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ ఒరాకిల్ డయలెక్ట్ పొడవును అక్షరాల్లో లెక్కించమని కాలమ్ నిర్వచనంలోనే రాస్తుంది, జాంగో ఒరాకిల్ బ్యాకెండ్ యూనికోడ్ కోసం ఉద్దేశించిన ఎన్‌వర్‌చార్2 రకాన్ని ఎంచుకుంటుంది. అటువంటి నిర్ణయం తీసుకోని డయలెక్ట్ ఇంగ్లీషు పేర్లతో జరిపిన పరీక్షలన్నిటిలోనూ నెగ్గి, తెలుగు పేరు తగలగానే విఫలమవుతుంది.

అపోహ: కొత్త డేటాబేస్‌కు చోటివ్వాలంటే లైబ్రరీ మూల కోడు నిండా ‘ఫలానా డేటాబేస్ అయితే ఇలా’ అనే షరతులు నింపాలి.

వాస్తవం: చక్కగా రూపొందించిన ఓఆర్ఎంలలో ఆ అవసరం దాదాపు రాదు. క్వెరీ ముందుగా చెట్టు ఆకారంలో కూర్చిన భాగాలుగా ఉంటుంది. కంపైలర్ అనే భాగం వాటిని ఒక్కొక్కటిగా చూస్తూ ఎస్‌క్యూఎల్‌గా మారుస్తుంది. జాంగోలో ఒక భాగానికి ‘యాజ్ ఒరాకిల్’ వంటి పేరుతో ప్రత్యేక మెథడ్ ఉంటే ఒరాకిల్‌కు దాన్నే, లేకపోతే అందరికీ ఉద్దేశించిన ‘యాజ్ ఎస్‌క్యూఎల్’ మెథడ్‌ను కంపైలర్ పిలుస్తుంది. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీలో డయలెక్ట్ తన సొంత కంపైలర్‌ను వెంట తెచ్చుకుంటుంది, వేరే ప్యాకేజీగా ఇన్‌స్టాల్ అయి తన పేరును తానే నమోదు చేసుకుంటుంది. జాంగోకు ఎస్‌క్యూఎల్ సర్వర్ బ్యాకెండ్‌ను మైక్రోసాఫ్ట్ విడి ప్యాకేజీగానే అందిస్తోంది.

అపోహ: అనేక డేటాబేస్‌లలో ఉన్న సౌకర్యాన్ని ఒకే మెథడ్ కింద చేర్చేస్తే అన్నిచోట్లా ఒకే పని జరుగుతుంది.

వాస్తవం: వరుస లేకపోతే చేర్చి, ఉంటే సవరించే ‘అప్‌సర్ట్’ దీనికి గట్టి పరీక్ష. మైఎస్‌క్యూఎల్‌లో దీనికి ‘ఆన్ డూప్లికేట్ కీ అప్‌డేట్’ ఎప్పటినుంచో ఉంది, పోస్ట్‌గ్రెస్‌లో ‘ఆన్ కాన్‌ఫ్లిక్ట్’ 2016 జనవరిలో 9.5 వెర్షన్‌తో వచ్చింది, ఎస్‌క్యూలైట్‌లో దాదాపు అదే రూపం 2018లో చేరింది. ఖాతాదారుల పట్టికలో ఈమెయిల్, ఫోన్ నంబరు రెండూ విడివిడిగా యూనిక్ అనుకుంటే, కొత్త వరుసలోని ఈమెయిల్ ఎవరికీ లేనిదై, ఫోన్ నంబరు మాత్రం మరో ఖాతాదారుదైనప్పుడు తేడా బయటపడుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో సవరణ కోరేటప్పుడు ఏ కాలమ్ దగ్గర ఘర్షణ వస్తే సవరించాలో చెప్పాలి. ఈమెయిల్ అని చెప్పి ఉంటే ఫోన్ నంబరు దగ్గర వచ్చిన ఘర్షణను అది ఎర్రర్‌గా తిప్పికొడుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో అలా చెప్పే వీలే లేదు. ఏ యూనిక్ కీ దగ్గర ఘర్షణ వచ్చినా ఆ వరుసను సవరిస్తుంది, అంటే ఇక్కడ మరో మనిషి ఖాతా చడీచప్పుడు లేకుండా మారిపోతుంది. ఈ రెంటినీ ఒకే ముసుగు కింద దాచడం వాడేవారిని మోసగించడమే. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ అందుకే పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ డయలెక్టులలో వీటిని వేర్వేరు పేర్లతో ఉంచింది. జాంగో 2022లో 4.1 వెర్షన్‌తో పెద్దఎత్తున చేర్చే మెథడ్‌కు ఈ సౌకర్యం ఇచ్చినా, ఘర్షణ కాలమ్‌లను పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్‌లకు తప్పనిసరి చేసి, మైఎస్‌క్యూఎల్, మరియాడీబీలకు నిషేధించి, ఒరాకిల్‌కు మొత్తం సౌకర్యాన్నే నిరాకరించింది. అందంలో ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ పద్ధతి మిన్న, నిజాయితీలో రెండు లైబ్రరీలూ సమానమే.

అపోహ: ఒక్క డేటాబేస్‌కే పరిమితమైన సౌకర్యాలను చేర్చితే ఓఆర్ఎం తన సార్వత్రికతను కోల్పోతుంది.

వాస్తవం: జాంగో చరిత్ర ఇందుకు భిన్నంగా నడిచింది. 2015లో వచ్చిన 1.8 వెర్షన్‌లో పోస్ట్‌గ్రెస్‌కే చెందిన అర్రే, హెచ్‌స్టోర్, రేంజ్ ఫీల్డులు ఒక విడి మాడ్యూల్‌గా చేరాయి, తర్వాతి వెర్షన్‌లో అక్కడే జేసన్ ఫీల్డు కూడా చేరింది. తక్కిన డేటాబేస్‌లు కూడా జేసన్‌కు చోటిచ్చాక, 2020లో 3.1 వెర్షన్‌తో ఆ ఫీల్డు మూలభాగంలోకి వచ్చి జాంగో మద్దతిచ్చే డేటాబేస్‌లన్నిటికీ అందింది. అయినా ఒక జేసన్ విలువలో మరొకటి ఇమిడి ఉందేమో చూసే ‘కంటెయిన్స్’ పోలిక ఒరాకిల్, ఎస్‌క్యూలైట్‌లలో పనిచేయదని డాక్యుమెంటేషన్ స్పష్టంగా చెబుతుంది. అర్రే ఫీల్డు మాత్రం నేటికీ పోస్ట్‌గ్రెస్ మాడ్యూల్‌లోనే ఉంది.

అపోహ: కనెక్షన్ కుదిరి, చేర్చడం, చదవడం, సవరించడం, తొలగించడం నడిస్తే మద్దతు పూర్తయినట్టే.

వాస్తవం: అక్కడికి పని మొదలైందనే చెప్పాలి. పట్టికల నిర్మాణాన్ని మార్చే మైగ్రేషన్లు మధ్యలో విఫలమైతే పోస్ట్‌గ్రెస్ ట్రాన్సాక్షన్‌ను వెనక్కి తిప్పి పాత స్థితికి చేరుస్తుంది. మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్ నిర్మాణాన్ని మార్చే ప్రతి వాక్యంతోనూ తమంత తామే కమిట్ చేసేస్తాయి కాబట్టి సగం మారిన పట్టికలు మిగులుతాయి. ఎస్‌క్యూలైట్‌లో కాలమ్ తొలగించే ఆదేశమే 2021 వరకు లేదు, కాలమ్ రకాన్ని మార్చాలంటే ఇప్పటికీ కొత్త పట్టిక సృష్టించి, సమాచారాన్ని నకలు చేసి, పాతదాన్ని తీసివేసి పేరు మార్చాల్సిందే. ఇటువంటి తేడాలను జాంగో బ్యాకెండ్ ‘ఫీచర్స్’ అనే క్లాసులో అవును, కాదు రూపంలో ప్రకటిస్తుంది, ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ బయటి డయలెక్టుల కోసం ఒక పరీక్షల సముదాయాన్నీ, ఏవి వర్తించవో తెలిపే ‘రిక్వైర్‌మెంట్స్’ ఫైలు పద్ధతినీ ఇస్తుంది. ‘కాదు’ అని సూటిగా ప్రకటించిన సౌకర్యానికి సంబంధించిన పరీక్షను నడపకుండా దాటవేస్తారు, ‘అవును’ అని అబద్ధమాడితే పరీక్ష విఫలమై నిజం బయటపడుతుంది. పైగా డేటాబేస్ వెర్షన్లు మారుతున్నకొద్దీ ఈ ప్రకటనలూ మారాలి. హైబర్నేట్ 5లో మైఎస్‌క్యూఎల్‌కు ఒక్కో వెర్షన్‌కు ఒక్కో డయలెక్ట్ క్లాసు ఉండేది. 2022లో వచ్చిన 6వ వెర్షన్ ఒకే క్లాసు ఉంచి, కనెక్షన్ సమయంలో సర్వర్ చెప్పే వెర్షన్‌ను బట్టి నడుచుకుంటోంది.

డయలెక్ట్ రాయనివారికి కూడా ఇందులో వర్తించే సంగతి ఒకటుంది: సైటును పోస్ట్‌గ్రెస్ లేదా ఒరాకిల్ మీద నడుపుతూ, వేగం కోసం పరీక్షలను ఎస్‌క్యూలైట్ మీద జరిపే అలవాటును మానుకుని, సైటు నడిచే డేటాబేస్ మీదే, వీలైతే అదే వెర్షన్ మీద, తెలుగు పేర్లు కూడా చేర్చి పరీక్షించుకోవాలి.