హెడ్డుకూ మేనిఫోల్డుకూ మధ్య ఒక రేకు

చలికాలం పొద్దున రొళ్లలో ఒక పాత డీజిలు బండి స్టార్టవుతుంది. ఇంజను అందుకోగానే బానెట్టు కింద టక్ టక్ మని పొడి చప్పుడు. వాల్వులు కొడుతున్నాయేమో అనుకుంటాడు డ్రైవరు. మడకశిర దాటేసరికి చప్పుడు సన్నగిల్లుతుంది. హిందూపురం మార్కెట్ యార్డులో చింతపండు బస్తాలు దించే వేళకు ఆ సంగతే గుర్తుండదు. మర్నాడు పొద్దున మళ్లీ అదే టక్ టక్. చల్లగా ఉన్నప్పుడు పుట్టి, వేడెక్కాక అణిగిపోయే చప్పుడైతే మొదట అనుమానించాల్సింది ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ గ్యాస్కెట్‌ని. షెడ్డులో దాన్ని అందరూ ప్యాకింగనే అంటారు.

చూడ్డానికి అదొక రేకు. మందం ఒకటి రెండు మిల్లీమీటర్లు. ఇంజను హెడ్డులోంచి పొగ బయటికొచ్చే రంధ్రాలు ఎన్నో, ఈ రేకుకూ అన్ని రంధ్రాలు. ఒకవైపు హెడ్డు, మరోవైపు పొగనంతా పోగుచేసి సైలెన్సర్ గొట్టానికి అందించే పోత ఇనుప మేనిఫోల్డు. రెండు లోహాల నడుమ ఎంత నునుపు చేసినా మిగిలిపోయే సన్నటి సందుల్ని పూడ్చడమే దీని పని. నాలుగు స్ట్రోకుల ఇంజను ఖాళీగా నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే, ఒక్కో సిలిండరు నిమిషానికి 400 సార్లు పొగ వదులుతుంది. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకునే క్షణానికి లోపలి ఒత్తిడి ఇంకా బయటి గాలికంటే చాలా ఎక్కువ. కాబట్టి పొగ నెమ్మదిగా జారిపోదు, దెబ్బకొట్టినట్టు దూసుకొస్తుంది. రేకు ఒకచోట చిట్లితే ఆ దెబ్బ పక్కకు తన్నుతుంది. డ్రైవరు విన్న టక్ టక్ అదే.

ఇంతకీ అది ఎందుకు చిట్లుతుంది?

బరువెత్తుకుని ఘాట్ రోడ్డు ఎక్కే డీజిలు ఇంజనులో పొగ వేడి 500 నుంచి 700 డిగ్రీల దాకా పోతుంది. పెట్రోలు ఇంజనులో 900 కూడా దాటుతుంది. హెడ్డు లోపల నీళ్లు తిరుగుతుంటాయి గనక అది 100 డిగ్రీల చుట్టుపక్కలే ఆగుతుంది. మేనిఫోల్డుకు ఆ చల్లదనం లేదు. అర మీటరు పొడవున్న పోత ఇనుప మేనిఫోల్డు 500 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 2.6 మిల్లీమీటర్లు సాగుతుంది. అంతే పొడవున్న అల్యూమినియం హెడ్డు 70 డిగ్రీలు వేడెక్కితే సాగేది 0.8 మిల్లీమీటర్లు. అంటే బండి వేడెక్కిన ప్రతిసారీ మేనిఫోల్డు హెడ్డు మీద రెండు మిల్లీమీటర్లకు కాస్త తక్కువగా జరగాలి, చల్లారినప్పుడు వెనక్కి రావాలి. ధర్మవరం జంక్షన్‌లో పాతకాలపు పట్టాల మధ్య సందు వదిలింది ఇందుకే. మేనిఫోల్డు చివరి బోల్టు రంధ్రాల్ని గుండ్రంగా కాక కోలగా, కాస్త వదులుగా చేసేదీ ఇందుకే. బోల్టును అతిగా బిగిస్తే జరగాల్సింది జరగదు. అప్పుడు మేనిఫోల్డయినా పగలాలి, హెడ్డులో బిగించిన స్టడ్డయినా తెగాలి, రేకయినా నలగాలి. పొద్దున వినిపించిన చప్పుడు వేడికి అణగడం కూడా ఈ సాగుడు పుణ్యమే: ఉబ్బిన ఇనుము సందును కాసేపు మూసేస్తుంది. లోపం పోయినట్టు కాదు.

ఈ రేకు చరిత్రంతా ఒక పదార్థం కోసం వెతుకులాట. నిప్పుకు కాలకూడదు, గట్టిగా ఉండకూడదు, మెత్తగా నలిగి మళ్లీ లేవాలి. నిజానికి ఈ మూడూ ఒకేచోట దొరకడం కష్టం. 19వ శతాబ్దం చివర్లో ఆస్ట్రియాకు చెందిన రిచర్డ్ క్లింగర్ ఆస్బెస్టాస్ నారను రబ్బరుతో కలిపి అదిమి షీట్లుగా చేశాడు. ఆ క్లింగరిట్ షీటు పేరు మన వర్కుషాపుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. షీటును హెడ్డు మీద పరచి, గుండు సుత్తితో అంచుల వెంట చిన్నగా తట్టి ప్యాకింగు కోసుకునే పద్ధతి ఎందరో మేస్త్రీలకు చేతిలో ఉన్న విద్య. ఎగ్జాస్టు పక్కకు మాత్రం ఉత్త షీటు ఆగదు. అందుకే రెండు రాగి రేకుల నడుమ ఆస్బెస్టాస్ పెట్టి ఒత్తి చేసిన ప్యాకింగులొచ్చాయి.

హైదరాబాదు సంస్థానంలో నిజాం ప్రభుత్వం 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడు, స్కాట్లండులో తయారైన అల్బియన్ బస్సులు వాటిలో ఉన్నాయి. ఆ తరం బండ్ల నిండా ఆస్బెస్టాసే. బ్రేకులో, క్లచ్చులో, ప్యాకింగులో అన్నిట్లోనూ అదే.

ఆస్బెస్టాస్ రాయలసీమకు పరాయి వస్తువు కాదు. కడప జిల్లా పులివెందుల చుట్టూ, బ్రాహ్మణపల్లి వైపు, సున్నపురాయీ నల్లరాయీ కలిసిన చోట తెల్లని ఆస్బెస్టాస్ నార తవ్వి తీశారు. నిప్పుకు కాలని ఆ నార ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అన్ని రకాల ఆస్బెస్టాసునూ మనుషుల్లో క్యాన్సరు కలిగించే వస్తువుల మొదటి వర్గంలో చేర్చింది. 1995 జనవరి 27న మన సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్యం ప్రాథమిక హక్కులో భాగమని చెప్పి, ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును ఉద్యోగంలో చేరిన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పదవీ విరమణ తర్వాత 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అప్పటిదాకా ఉంచాలని ఆదేశించింది. ఐరోపా సమాఖ్య 2005 నాటికి ఆస్బెస్టాసును పూర్తిగా నిషేధించింది. మరో సాంకేతిక లోపం కూడా ఉంది, ఎవరూ అంతగా చెప్పరు: 600, 700 డిగ్రీలు దాటాక ఈ నారలో బందీగా ఉన్న నీరు పోయి అది పెళుసై పొడి అవుతుంది. అంటే మేనిఫోల్డు దగ్గర ఆస్బెస్టాస్ మహా వీరుడేమీ కాదు.

తర్వాత వచ్చింది గ్రాఫైటు. పెన్సిలు ముల్లులో ఉండే ఆ వస్తువునే ఆమ్లంతో ఉబ్బించి, మళ్లీ అదిమితే బట్టలా వంగే రేకవుతుంది. అమెరికాలో యూనియన్ కార్బైడ్ పరిశోధకులకు దీని మీద 1968లో పేటెంటు దక్కింది. గాలి తగిలితే 450 డిగ్రీల పైన అది కూడా మెల్లగా కాలిపోతుంది. అందుకే రంధ్రాల అంచులకు ఉక్కు రేకు తొడిగి కాపాడతారు. అభ్రకం పొరలున్నవీ దొరుకుతాయి, అభ్రకమంటే మనకు గూడూరు గుర్తుకొస్తుంది గానీ వీటిలో ఎక్కువగా వాడేది వేరే రకం. ఈనాటి కార్లలో పైచేయి ఉక్కుదే: రెండు మూడు సన్నటి స్టెయిన్‌లెస్ స్టీలు రేకుల మీద ఉబ్బెత్తు గీతలు ఒత్తి, ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. మెత్తదనం పదార్థంలో లేకపోయినా ఆకారంలో ఉంటుంది. నొక్కితే గీత అణుగుతుంది, వదిలితే స్ప్రింగులా లేస్తుంది.

ఇక మార్చే పని సంగతి. ప్యాకింగు ధర చూసి ఇదేముందిలే అనుకునేవాళ్లు స్టడ్డు విరిగాక గానీ అసలు సంగతి తెలుసుకోరు. పనిలో కష్టమంతా విప్పడంలోనే ఉంది. ఏళ్ల తరబడి కాలి, తుప్పు పట్టి, నట్టూ స్టడ్డూ ఒక్కటైపోయి ఉంటాయి. ఇంజను పూర్తిగా చల్లారాక తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేయాలి, తొందరపడితే విరుగుతాయి. నట్టు చుట్టూ కాస్త వేడి పెట్టి, బిగింపు వైపూ సడలింపు వైపూ కొంచెం కొంచెం తిప్పుతూ లాగాలి. విరిగిందా, బయటికి మిగిలిన ముక్క మీద కొత్త నట్టు వెల్డింగు చేసి, ఆ వేడిలోనే తిప్పితే చాలాసార్లు వచ్చేస్తుంది. హెడ్డు లోపలే తెగితే డ్రిల్లు పెట్టాల్సిందే. డ్రిల్లు అడ్డం తిరిగి అల్యూమినియంలోకి పోయిందంటే హెడ్డు లేత్ షాపుకు ఎక్కుతుంది.

రేకు తీశాక మేస్త్రీ చెయ్యాల్సిన అసలు పరీక్ష మేనిఫోల్డు ముఖం మీద. తిన్నని ఉక్కు బద్ద ఆనించి, కింద ఫీలర్ గేజి దూర్చి చూడాలి. కంపెనీ చెప్పిన హద్దు దాటి వంకర ఉంటే కొత్త ప్యాకింగు వేసినా వారంలో మళ్లీ టక్ టక్ మొదలవుతుంది. ముఖాన్ని గ్రైండింగు చేయించాలి, లేదా మేనిఫోల్డునే మార్చాలి. ఈ మెట్టు దాటవేసే షెడ్లు చాలానే ఉన్నాయి, ప్యాకింగు మీద తప్పు తోసేసే వాళ్లూ ఉన్నారు. సిలికాన్ పూస్తే సరిపోతుందనే వాదన ఇంకా విచిత్రం: మామూలు సిలికాన్ ఎగ్జాస్టు వేడికి నిలవదు. బిగింపు మధ్య నుంచి చివరలకు సాగాలి, ఒక్కసారిగా కాదు, రెండు మూడు దఫాలుగా, టార్క్ పానాతో. మధ్యలో పట్టు మొదలైతేనే రేకు సమంగా పరుచుకుంటుంది.

పాత బండి ఇంజనుకు ఈ లీకంటే చప్పుడూ, మసి మరకా, కాసింత బలం తగ్గడమూ మాత్రమే. ఎలక్ట్రానిక్ బండిలో కథ మారుతుంది. ఆక్సిజన్ సెన్సారుకు ముందు చిన్న సందున్నా, పొగ దెబ్బకూ దెబ్బకూ నడుమ బయటి గాలి లోపలికి పీల్చుకుపోతుంది. సెన్సారుకు అది మిగులు ఆక్సిజన్‌లా కనిపిస్తుంది. ఇంధనం చాలడం లేదని కంప్యూటరు మరింత పోయిస్తుంది. టర్బో ఉన్న బండిలోనైతే టర్బైనును తిప్పాల్సిన ఒత్తిడి దారిలోనే కారిపోతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు బండి ఈడ్చుకుపోతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక రేకు నాణ్యత కేవలం చప్పుడు విషయం కాకుండా పోయింది.

అసలు ఈ రేకే అక్కర్లేని బండ్లూ వస్తున్నాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కర్మాగారం నుంచి 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యంతో మొదలైన ఆ కర్మాగారం నుంచే 2025లో కారెన్స్ క్లావిస్ విద్యుత్ కారూ వచ్చింది. ఆ కారుకు పొగ గొట్టమే లేదు. విద్యుత్ దాకా పోనక్కర్లేదు: ఫోర్డ్ ఒక లీటరు ఎకోబూస్ట్ ఇంజను మేనిఫోల్డును హెడ్డుతో కలిపే పోతపోశారు, చుట్టూ నీళ్లు తిరుగుతాయి. అక్కడ ఈ ప్యాకింగుకు చోటే లేదు. దాని బదులు టర్బో దగ్గర ఇంకో ప్యాకింగు ఉంది, అది వేరే సంగతి.

అయినా రొళ్ల, మడకశిర దారుల్లో తిరిగే లారీలకూ, జీపులకూ, క్యాబిన్ పక్కనే ఇంజను ఉన్న పాత బస్సులకూ ఇంకా చాలా ఏళ్లు ఈ రేకు కావాలి. బండి గలవారు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు. దానితో పాటు వచ్చే కాలిన పొగ వాసన మాత్రమే హెచ్చరిక, కాబట్టి క్యాబిన్‌లో పొగ వాసన వస్తే అద్దాలు తెరిచి, ఆ రోజే షెడ్డుకు తీసుకెళ్లండి. పాత బండి ప్యాకింగును పొడిగా గీకనివ్వకండి, ఎయిర్ గన్నుతో ఊదనివ్వకండి: అది ఆస్బెస్టాస్ కావచ్చు. నీళ్లు చిలకరించి తడిపి తీయించండి.