పేరీత

పేరీత (శాస్త్రీయ నామం: సైకస్ బెడ్డోమీ) ఆంధ్రప్రదేశ్ లోని తిరుమల, కడప ప్రాంతపు కొండలలో సహజంగా పెరిగే అరుదైన వృక్షం. చూడటానికి పొట్టి ఈతచెట్టు వలె ఉన్నా, ఇది తాడి, ఈతల కుటుంబానికి చెందినది కాదు. పువ్వులు పూయని వివృతబీజ మొక్క. సైకస్ వర్గపు మొక్కలు సుమారు 28 కోట్ల సంవత్సరాల క్రితమే భూమిపై ఉండేవి. అందువలన వీటిని సజీవ శిలాజాలు అంటారు. నిజానికి ప్రాచీనమైనది ఈ వంశమే. నేటి జాతులలో అధికభాగం గత 1.2 కోట్ల సంవత్సరాలలో ఏర్పడినవని 2011లో వెలువడిన జన్యు పరిశోధన తెలిపింది.

బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త థిసెల్టన్ డయ్యర్ 1883లో ఈ జాతిని వర్ణించి, మద్రాసు అటవీశాఖలో పనిచేసిన రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ పేరు పెట్టాడు.

ముప్పు

పేరీతలో ఆడ, మగ చెట్లు వేరువేరు. మగ చెట్టు శంకువును నాటువైద్యంలో వాడతారు. దానిని కోసివేస్తే పుప్పొడి ఉండదు. ఆ చుట్టుపక్కల ఆడ చెట్లకు గింజ పట్టదు. చెట్టు నిలిచి ఉన్నా సంతతి ఆగిపోతుంది. అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందపు మొదటి అనుబంధంలో ఇది ఉన్నది.

ఇంటి తోటలలో పెంపకం

ఆస్ట్రేలియాలో 1994లో కనుగొన్న వొలెమి పైన్ మొక్కలను 2006 నుండి ఇంటి తోటలకు విక్రయించారు. నర్సరీలో మొక్క దొరికితే అడవిలో దొంగతనం తగ్గుతుందని దీని ఉద్దేశం. పేరీత విషయంలో ఈ మార్గం అంత సులువు కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణ ప్రకారం దీనిని అడవి నుండి పెకలించడమే కాదు, లైసెన్సు లేకుండా పెంచడం కూడా నేరమే. 2022 సవరణ తరువాత ఈ మొక్క చట్టపు మూడవ షెడ్యూలులో ఉన్నది.

హైదరాబాదులోని నల్లగండ్ల వంటి కొత్త కాలనీలలో ఇళ్ళ ముందు అలంకారానికి పెంచే సైకస్ సాధారణంగా జపానుకు చెందిన సైకస్ రివల్యూటా. దీనిని పెంచితే పేరీతను కాపాడినట్లు కాదు.

లైసెన్సుతో పెంచినా ఒంటరి చెట్టు వలన గింజలు రావు. ఆడ, మగ రెండూ ఉండాలి, రెండూ ఒకే కాలంలో పక్వానికి రావాలి. లేనిచో పుప్పొడిని తెచ్చి చేతితో పరాగసంపర్కం చేయవలసి ఉంటుంది. సమీపంలో వేరే సైకస్ జాతులు ఉంటే సంకర గింజలు ఏర్పడవచ్చు. అటువంటి గింజల మొక్కలు అడవిలో తిరిగి నాటడానికి పనికిరావు. అందుచేత ఏ మొక్క ఏ కొండ గింజ నుండి వచ్చినదో నమోదు చేసి ఉంచడం అవసరం.