చేతిగడియారానికి కీ ఇచ్చే విధానం

కాలాన్ని కొలవాలన్న కోరిక మానవునికి అతి ప్రాచీనమైనది. అడుగున సన్నని రంధ్రం గల గిన్నెను నీటిపై ఉంచి, అది నిండి మునిగే కాలాన్ని మన పూర్వులు ‘ఘటిక’ అన్నారు. అదే తెలుగులో ‘గడియ’. గడియకు 24 నిమిషాలు. ‘గడియారం’ అన్న మాటలో ఆ గడియ నేటికీ నిలిచి ఉంది.

బ్యాటరీ గడియారాల రాకతో కీ ఇచ్చే చేతిగడియారాలు పెట్టెల అడుగుకు చేరాయి. జపాను దేశపు సిటిజన్ సంస్థ సహకారంతో హెచ్.ఎం.టి. సంస్థ 1961లో బెంగళూరులో గడియారాల తయారీని ప్రారంభించింది. ‘జనతా’ వంటి గడియారాలు మన తాతల ముంజేతులను అలంకరించాయి. ఆ గడియారాల సంస్థ మూసివేతకు 2016లో కేంద్రప్రభుత్వం ఆమోదం తెలిపింది. కనుక ఇంట మిగిలిన పాత గడియారాన్ని పాడుచేసుకొంటే విడిభాగాలు దొరకడం కష్టం.

గడియారం ప్రక్కనున్న గుండీని తిప్పినప్పుడు లోపలి డబ్బీలోని సన్నని ఉక్కుపట్టీ చుట్టుకొంటుంది. ఇదే ప్రధానస్ప్రింగు. అది మెల్లగా విప్పుకొంటూ పళ్లచక్రాలను నడుపుతుంది. కీ ఇచ్చేటప్పుడు వినిపించే కిరకిర శబ్దం, ఒక చిన్న కొక్కెం పళ్లచక్రం మీదుగా దాటుతున్న సవ్వడి. స్ప్రింగు ఒక్కసారిగా విడిపోకుండా ఆపేది ఆ కొక్కెమే.

కీ ఇచ్చే ముందు గడియారాన్ని చేతినుండి తీయాలి. చేతికి ఉండగా తిప్పితే గుండీపై వ్రేళ్లు సూటిగా నిలువవు. ఒత్తిడి ఒక ప్రక్కకే పడి దాని కాడ వంగే ప్రమాదం ఉంది. గుండీ పూర్తిగా లోపలికి నొక్కి ఉన్నదో లేదో చూడాలి. బయటికి లాగి ఉంటే తిరిగేవి ముళ్లే. ఆ తరువాత బొటనవ్రేలు, చూపుడువ్రేళ్ల నడుమ గుండీని పట్టి, 12 అంకె వైపుగా మెల్లగా తిప్పాలి. సాధారణంగా 20 నుండి 40 చుట్లు సరిపోతాయి. అయితే లెక్కకంటె వ్రేళ్ల స్పర్శే ప్రమాణం. గుండీ బిగిసినట్లు తోచగానే ఆపాలి. ఇక ఒక్క చుట్టు కూడా బలవంతంగా తిప్పరాదు. రోజూ ఒకే వేళకు కీ ఇస్తే స్ప్రింగు బలం సమంగా ఉండి కాలం నిలకడగా నడుస్తుంది.

‘కీ ఎక్కువైతే గడియారం ఆగిపోతుంది’ అని చాలామంది నమ్ముతారు. ఇది పొరపాటు. స్ప్రింగు పూర్తిగా చుట్టుకోవడం దోషం కాదు. అది అలా చుట్టుకొనేందుకే ఉన్నది. కీ నిండుగా ఉండీ ఆగిన గడియారంలో సాధారణంగా నూనె ఎండి ఉంటుంది, లేదా దుమ్ము చేరి ఉంటుంది. కీ తక్కువైందని తలచి అలాంటి గడియారాన్ని ఇంకా తిప్పేవారే కొక్కాన్నో స్ప్రింగునో విరుస్తారు. భయంతో సగం కీ ఇవ్వడమూ మంచిది కాదు. మరునాటికి స్ప్రింగు బలం తగ్గి గడియారం తప్పు చూపవచ్చు.

ఏళ్ల తరబడి పెట్టెలో పడి ఉన్న గడియారం చేతికి వస్తే వెంటనే కీ ఇచ్చి నడపరాదు. ఎండిన నూనెతో చక్రాలు తిరిగితే ఇరుసులు అరుగుతాయి. ముందుగా గడియారాలు బాగుచేసే నిపుణునికి చూపి, శుభ్రం చేయించి, నూనె వేయించాలి. ఆపైన మెల్లగా కీ ఇచ్చి చెవి దగ్గర ఉంచుకోండి. తాతగారు విన్న టిక్కు టిక్కు శబ్దమే మీకూ వినిపిస్తుంది.